దర్వాజవ్వ

మొన్న ఆదివారం మా ఇంటి ముందటి దర్వాజ ఊడదీసి తీస్కపోయిన్రు. తీస్కపోయినోళ్లు దొంగలు గాదు, ఆ దర్వాజ సొంతదార్లే. కొత్తది చేసే వడ్లాయన రేపు మాపు అనుకుంట ఇంకా కట్టెకు రందా కొడుతనే ఉన్నడు. మా ఆయనకు కట్టంగూర్ల కరెంటు డ్యూటీ, వారానికొకపారి ఇంటికొస్తడు. ఇగ ఏం జెయ్యాలె? నేను దవాఖానల లీవు పెట్టి, దర్వాజ లేని ఆ ఖాళీ జాగల కుర్చీ ఏసుకొని, పక్కన ఓ కట్టె పెట్టుకొని కూసున్న.

ఎదురింటామె నీళ్ల బిందె దించుకుంట నన్ను జూసి నవ్వింది. "ఏంది నర్సమ్మా, అచ్చం దర్వాజవ్వ లెక్కనే కూసున్నవ్!" అన్నది. ఆమె నవ్వులాటకే అన్నది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. లోపలికి పోయి మొఖం కడుక్కొని వచ్చిన. మల్ల ఏడుపొచ్చింది. మల్ల పోయి కడుక్కున్న. నాకు నలుగురి ముందట ఏడ్చే అలవాటు లేదు. కోపమైతే ముక్కు మీదనే ఉంటది, గది మా వార్డుల అందరికీ ఎరుకే.

ఆ దర్వాజవ్వ అసలు పేరు మా గల్లీల ఎవ్వలకు తెల్వదు. దర్వాజవ్వ అంటే పలికేది. నాకు తెలుసు గని రాయను. ఆమెకే ఆ పేరు మీద పావురం, మమకారం లేకుండె. "పేరుతోని పిలిచేటోళ్లంత పోయిన్రు బిడ్డా, ఇగ అదెందుకు" అనేది.

తెలంగాణ వచ్చిన కొన్నేండ్లకు మేము ఇల్లు మల్ల కట్టుకునుడు మొదలువెట్టినం. మా మామ కట్టిన ఇల్లది. రాతి గోడలు, పైన గూన పెంక. వానకాలమొస్తే ఇంట్ల ఏ మూలకు గిన్నె పెట్టాలెనో మాకు నోటికొస్తుండె. మొత్తం కూలగొట్టి కట్టే తాహతు లేదు. ముందటి భాగం విప్పి స్లాబు ఏసుకుందాం, వెనుక రెండర్రలు గట్లనే ఉంచి అండ్లనే ఉందాం అనుకున్నం. దేవరకొండల గట్ల సగం ఇల్లు ఇప్పుకొని, సగం ఇంట్ల కాపురం జేసేటోళ్లు మేమొక్కళ్లమే కాదు. గని ఎంత అవస్థనో చేసినోళ్లకే ఎరుక. ముందట గోడ లేదు, తలుపు లేదు. ఇంట్ల నేను, మా అత్తమ్మ. నేను డ్యూటీకి పోతె అత్తమ్మ ఒక్కతే.

పక్క గల్లీల గిట్లనే పని నడుస్తున్న ఇంట్ల బోరు మోటరు ఎత్తుకపోయిన్రు. ఇంకో కాడ ఇనుప సలాకలు పోయినయి. అది విన్నప్పటిసంది మా అత్తమ్మ తాళంచెవుల గుత్తి నడుముకు కట్టుకొని తిరుగుడు మొదలువెట్టింది. గోడనే లేని ఇంటికి తాళంచెవులు! "అత్తా, ఆ తాళాలు దేనికేస్తవే?" అంటె, "నీకు నవ్వులాటైతాంది" అని మూతి ముడిచేది.

మా సుతారి, అదే మేస్త్రి, "అమ్మా, ఒక ముసలామె ఉన్నది. ఇండ్లు ఇప్పిన కాడ కాపలా కూసుంటది. రమ్మంటనా?" అన్నడు. రమ్మనుమన్న.

తెల్లారి ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. అండ్లకెళ్లి ఒక ముసలామె దిగింది. బక్క పాణం, ముంజేతుల దాంక పచ్చబొట్లు, కొంగు నడుముకు చెక్కింది. ఒక రేకు పెట్టె దించింది, ఒక బొంత దించింది. ఆ తర్వాత డ్రైవరును, సుతారిని, ఇద్దరు కూలోళ్లను పట్టుమని ఒక దర్వాజ దింపించింది. చౌకట్టు, గడప, రెండు తలుపు రెక్కలు, ఇనుప గొలుసు అన్నీ ఉన్నయి. పాత వేపకర్ర, నల్లగ నిగనిగ లాడుతాంది. గడప నడుమ అరిగి గుంట వడ్డది.

"గిదేంది అవ్వా, అమ్మేదా?" అన్న.

ఆమె నా దిక్కు కోపంగ చూసింది. "అమ్ముడేంది బిడ్డా? గిది నా ఇల్లు."

నాకు సమజ్ గాలె. సుతారి చెవుల చెప్పిండు. ఆమె ఊరు గుట్టల నడుమ ఉండె. నీళ్ల కోసం పెద్ద చెర్వు కడ్తమని ఊరంత ఖాళీ జేయించిన్రు. అందరు పెంక ఇప్పుకున్నరు, దూలాలు పీక్కున్నరు. ఈమె దర్వాజ ఒక్కటి పీకిచ్చుకొని వచ్చింది. అప్పటిసంది ఏ ఇంటికి కాపలా పోయినా అది ఎంట ఉండాల్సిందే. పెనిమిటి పోయిండు. ఒక్కతే బిడ్డ, పట్నంల హాస్టలుకు వంట జేస్తది, ఒక్క రూము కిరాయికి తీసుకొని ఉంటది. ఆ రూముల మనిషి పండుకుంటేనే కాళ్లు గోడకు తగుల్తయి, ఇగ దర్వాజ ఏడ పెడ్తది?

ఆమె బందోబస్తు ఎట్లుంటదో చెప్తె నమ్మరు. పొద్దు గూకంగనే చీపురు పట్టుకొని ఉసికె కుప్పను ఊడ్చేది. నేల ఊడ్వంగ చూసిన గని ఉసికె ఊడ్చేటోళ్లను నేనెన్నడు చూడలె. "సాపు జేసి పెడ్తె తెల్లారి ఎవలి అడుగు పడ్డదో కనపడ్తది బిడ్డా" అనేది. పొద్దుగాల లేవంగనే పోయి కుప్ప ముంగట కూసుండి ఒక్కొక్క అడుగును చదివేది. "గిది కుక్క. గిది పిల్లి. గిది మీ అత్త, బయటికెందుకు పోయిందో అడుగు."

మెట్ల మీద కంప ఏసేది. కొత్తగ ఏసిన పైపుల మూతులల్ల పాతగుడ్డలు కుక్కేది, కంకర పడొద్దని. సిమెంటు బస్తాలకు కింద చెక్కలు, పైన పట్టా. అందరు చేసేదే, గని ఈమె పసిపిల్లకు కప్పినట్టు ఆ పట్టాను నాలుగు దిక్కుల చెక్కి, పైన చెయ్యితోని తట్టి వచ్చేది. ముంగట తీగె మీద రోజుకొక మొగోళ్ల అంగి ఆరేసేది. తడిపి, పిండి మరీ ఆరేసేది. ఆ అంగి ఏసుకునే మొగోడు మా ఇంట్ల లేడు. అది ఆమె పెనిమిటిది.

పొద్దు గూకినంక లోపలికి మొఖం పెట్టి గట్టిగ అరిచేది. "ఏమయ్యా, ఇంటున్నవా? గా గొడ్డలి ఏడ పెట్టినవ్? కాళ్ల దగ్గర్నే ఉందా? ఉండనియ్యి." లోపల ఎవ్వలు లేకపోయేది. దొంగలు వింటే ఇంట్ల మొగోడున్నడు అనుకోవాలెనని. మొదట్ల మేము కడుపు పట్టుకొని నవ్వినం. పోను పోను నవ్వు బంద్ అయ్యింది. ఎందుకంటె ఆమె ఒక్కొక్కపారి మెల్లగ గూడ మాట్లాడేది. "ఏమయ్యా, ఇయ్యాల కాళ్లు గుంజుతున్నయి." గంత మెల్లగ అంటె ఏ దొంగకు వినపడ్తది?

అన్నీ తెలిసిన మనిషి అనుకునేరు, గదేం లేదు. సిమెంటు కండ్లవడ్తె సాలు, నీళ్లు కొట్టేది. గోడకు కొట్టు అవ్వా అంటె గోడకు కొట్టి, గోడల ఉన్న స్విచ్చు డబ్బాలల్ల గూడ నిండ పోసింది. మా ఆయన సెలవుకొచ్చి చూసి నెత్తి పట్టుకున్నడు. "అవ్వా, లైను బంద్ ఉండె గనుక బతికినవ్! కరెంటోని ఇంట్లనే కరెంటు కొట్టి సచ్చిందంటె నా నౌకరి ఏం గావాలె?" అన్నడు. "ఎండి ఉన్నది గదా కొడుకా, దూప అయితుందేమో అనుకున్న" అన్నది. ఆయన ఇంకేమంటడు.

ఇంకోనాడు ఇంతకంటే పెద్ద పని జేసింది. మేము ఏసు మందిరానికి పోయేటోళ్లం. మా అత్తమ్మకైతే ప్రార్థన లేంది ముద్ద దిగదు. ఇంటి పని మంచిగ సాగాలెనని ప్రార్థన చేసేతందుకు పాస్టరు అయ్యగారిని రమ్మన్నది. ఆయన ఇద్దరు పెద్దమనుషులను ఎంటేసుకొని తెల్లంగి తొడుక్కొని వచ్చిండు. ఈమె అడ్డం నిలబడ్డది.

"ఇంట్ల ఎవ్వలు లేరు. రేపు రార్రి."

"లోపల అమ్మ వాక్యం చదువుతున్నది, వినపడుతాంది గదమ్మా?" అన్నడు అయ్యగారు.

"అది టీవీ" అన్నది ఈమె.

అయ్యగారు మంచోడు, నవ్వుకుంట మర్లిపోయిండు. అత్తమ్మకు తెలిసినంక ఇల్లు పీకి పందిరేసింది. "దేవుని మనిషిని గడపల కెళ్లి తోలుతవా? నీకు కండ్లున్నయా, దొబ్బినయా?" అని ఎగిరింది. ఈమె బీడీ ముక్క చెవుల పెట్టుకుంట, "దొంగలు గూడ తెల్లంగిలనే వస్తరు వదినె. నాకేం ఎరుక?" అన్నది.

ఆ వదినె అనుడు ఇంకో లొల్లి. వచ్చిన మొదటినాడే మా అత్తమ్మను వదినె అని పిలిచింది. "నేను నీకు ఏ వరుసల వదినెనే?" అని అత్తమ్మ గయ్యిమన్నది. "ఏదో ఒక వరుస ఉండాలె గద, ఊకె ఓ అమ్మా ఓ అమ్మా అంటె పరాయి లెక్క ఉంటది" అన్నది. అత్తమ్మ వారం రోజులు పలకలె. ఈమె పిలుసుడు మానలె.

మా పాత దర్వాజకు చెదలు వట్టి గోడతోనే పోయింది. కొత్తది టేకుతోని చేయిస్తున్నం. వడ్లాయన రోజుకొక సాకు. ముందటి గోడ లేచింది, దర్వాజ జాగ మాత్రం తెరుచుకొని ఉన్నది. ఒకనాడు దర్వాజవ్వ తనే అన్నది. "నాది నిలవెట్టుర్రి. కొత్తది వచ్చే దాంక మీ ఇంటికి తలుపుంటది. నా దర్వాజకు గూడ పండుకొని పండుకొని నడుములు పట్టినయి, జర నిలబడ్తది."

అప్పుడు తెలిసింది, గది ఆమె అన్ని ఇండ్లల్ల చేసేదేనట. ఏ ఇల్లు ఇప్పితే ఆ ఇంటికి ఆమె దర్వాజ. ఇటుకలు, చెక్క చీలలు పెట్టి బిగించుడు. ఆ ఇంటి సొంత దర్వాజ రాంగనే ఈమెది ఊడదీసుడు, ఆటో పిలుసుడు. "మీ ఇల్లు తయారైతే నా ఇల్లు పీకుతరు" అని నవ్వేది. నవ్వేది గని, ఆ మాట అనుకుంట గడపను చేత్తోని తుడిచేది.

అత్తమ్మ అడ్డం తిరిగింది. ఆ గడపకు పసుపు రాసి ఉండె, బొట్లు పెట్టి ఉండె. "మన ఇంటికి పసుపు గడపా? మందిరంల మొఖమెట్ల చూపెట్టాలె?" అన్నది. నాకు కోపమొచ్చింది. "మందిరపోళ్లు వచ్చి కాపలా కూసుంటరా అత్తా? నేను డ్యూటీకి పోతె నీకు రక్షణ ఎవలు?" అన్న. ఇద్దరం ఎగసెగసి పడ్డం. నడుమ దర్వాజవ్వ వచ్చి, ఏం మాట్లాడకుంట తడిగుడ్డతోని పసుపంత తుడిచేసింది. "ఇప్పుడు కట్టెనే వదినె. ఏ దేవునిది గాదు" అన్నది.

అత్తమ్మ గొణుక్కుంట లోపలికి పోయింది.

నిలవెట్టేటప్పుడు సుతారి అలవాటు కొద్ది, "కింద ఏమన్న పెట్టేదుందా?" అని అడిగిండు. మా దిక్కు దర్వాజ నిలవెడ్తె గడప కింద నవధాన్యాలు, ఓ రాగి పైస పసుపు గుడ్డల కట్టి పెడ్తరు. మేము పెట్టం, గని అందరు పెట్టేది చూసినోళ్లమే. దర్వాజవ్వ గబుక్కున, "వద్దు వద్దు, ఏం పెట్టొద్దు" అన్నది. రొండిన చెక్కుకున్న చిన్న మూట తీసి నాకు చూపెట్టింది. పసుపు గుడ్డ, ఇన్ని గింజలు, పాత రాగి పైస, ఆమె ఇంటి గడప కింది మన్ను. ఊరు ఇడిచినాడు తవ్వుకొని తెచ్చుకున్నది.

"గిది పెడ్తెనే ఇల్లయితది బిడ్డా. మూట లేని దర్వాజ ఉత్త కట్టె" అన్నది. "సర్కారోళ్లు జాగ ఇస్తమన్నరు. పేరొచ్చిందని గూడ అన్నరు. ఇచ్చిననాడు ఇంత గుడిసె ఏసుకొని అయినా సరే, గీ మూట కింద పెట్టి గీ దర్వాజ నిలవెడ్త. నేను పెండ్లయి వచ్చినాడు గీ గడప దాటి లోపలికొచ్చిన. మా ఆయన గీ గడప దాటే పోయిండు. మా చెల్కల వేపచెట్టు కొట్టి ఆయన తండ్రి చేయించిండట. నేను గూడ గీ గడప దాటే పోవాలె. ఎవలి ఇంట్లకెళ్లో పోవొద్దు. గంతే, ఇంకేం లేదు నాకు."

అది అడిగినోళ్లకు చెప్పేది, అడగనోళ్లకు గూడ చెప్పేది. పాలు పోసేటోనికి చెప్పింది. కరెంటు బిల్లు కొట్టే పిల్లగానికి చెప్పింది. ఆ చెప్పినంత సేపు ఆ మూటను అరచేతిల పెట్టుకొని చూస్తుండేది.

ఒక్కటి మాత్రం నేను చానా రోజులకు గాని గుర్తు పట్టలె. ఆమె ఆ గడప దాటేది గాదు. దర్వాజ బయట కూసునేది, బయటనే పండుకునేది. లోపల నీళ్లకో, అన్నానికో రావాలంటె ఇల్లంత చుట్టు తిరిగి వెనుకకెళ్లి వచ్చేది. కాళ్లు గుంజుతున్నా సరే, వానల తడుసుకుంటనైనా సరే. "ముందటికెళ్లి రాకూడదా అవ్వా?" అన్న.

"వద్దు బిడ్డా. గా గడప దాటితే పాణం ఇది నా ఇల్లే అనుకుంటది. మల్ల పీకినప్పుడు దానికి ఎవలు చెప్పాలె?"

నేను మల్ల ఎన్నడు అడగలె.

మధ్యాహ్నాలు మా అత్తమ్మ గడపకు లోపట కూసునేది, ఆమె బయట. అత్తమ్మ వాక్యం చదివేది. ఈమె బియ్యంల రాళ్లు ఏరుకుంట వినేది. "కథ మంచిగున్నది వదినె, గని ఆ పేర్లే నోరు తిరుగుత లేవు" అనేది. అత్తమ్మ తిట్టుకుంటనే చెప్పేది. తర్వాత తర్వాత నేను తనకు ముద్ద పెట్టక ముందు, "దానికి పెట్టినవా?" అని అడుగుడు మొదలైంది. తాళంచెవుల గుత్తి ఎప్పుడో నడుముకెళ్లి మాయమైంది. చూస్తె దర్వాజవ్వ రేకు పెట్టె మీద ఉన్నది. ఆమె సొంత గొలుసు చప్పుడు మా గల్లీల అందరికీ గుర్తే. పొద్దు గూకంగ గొలుసు ఏసి, రెండుపార్లు గుంజి చూసేది. ఆ చప్పుడు వినపడ్డంకనే మా అత్తమ్మ మంచం ఎక్కేది.

టేకు దర్వాజ తయారైందని వడ్లాయన ఫోన్ జేసినాడు ఆమె అక్కడ్నే ఉన్నది. "ఎప్పుడు తెస్తడట?" అని అడిగింది. "వచ్చే వారం" అన్న. "మంచిది బిడ్డా" అని, పోయి ఉసికె ఊడుస్తాంది. అప్పటికి ఉసికె కుప్ప అయిపోయి పిడికెడు గూడ లేదు.

ఆ వారం తిరగనే లేదు. ఎండకాలం. నేను పొద్దటి డ్యూటీ దిగి వస్తున్న. ఎండకు గల్లీల పురుగు లేదు. ఆమె గడప పక్కన చౌకట్టుకు ఆనుకొని కూసున్నది, చెయ్యి గొలుసు మీద ఉన్నది. లోపలికెళ్లి అత్తమ్మ చదువుతున్న మాట వినపడుతాంది. "అవ్వా, నీడకు జరుగు" అన్న. జరగలె. చెయ్యి పట్టుకున్న. నాడి చూసుడు నా పని. మణికట్టు మీద ఏలు పెట్టి ఎతికిన, దొరకలె. చల్లవడ్డది. నేను అరిచిన. అత్తమ్మ కండ్లద్దాలు తీసి బయటికొచ్చి చూసింది. "నేను చదువుతనే ఉన్న గదనే. వింటాంది అనుకున్న" అన్నది. అదే మాట మల్ల మల్ల అన్నది.

బిడ్డకు ఫోన్ జేసినం. పట్నంకెళ్లి ఆమె వచ్చే వరకు పొద్దు వాలింది. తల్లి మీద పడి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి తల ఎత్తి, మమ్ములందరిని చూసి, "ఏడికి తీస్కపోవాలె మా అమ్మను?" అన్నది. ఊరంటె నీళ్ల కింద ఉన్నది. కిరాయి రూముకు శవాన్ని రానియ్యనన్నడట ఇంటాయన. ఇస్తమన్న జాగ ఇంకా రాలె. గల్లీ పెద్దమనిషి ఒకాయన మెల్లగ, "ఇట్ల రోడ్డు పొంటి పెట్టుడెందుకు? ఇక్కడికెళ్లి ఇక్కడ్నే బొందలగడ్డకు తీస్కపోదాం" అన్నడు. బిడ్డ నోట్ల కొంగు కుక్కుకున్నది. "గడప దాటే పోవాలె అన్నది. గంతే గద అడిగింది మా అమ్మ. ఇంకేం అడగలె గద ఎవ్వల్ని" అన్నది.

మా అత్తమ్మ అప్పటి దాంక మంచం కోడు పట్టుకొని నిలబడి ఉన్నది. "ఇంట్లకు తీస్కరార్రి" అన్నది.

మా ఆడిబిడ్డ వచ్చి ఉండె. ఆమె అడ్డం పడ్డది. "అమ్మా, నీకు మతి పోయిందా? కొత్త ఇల్లు. ప్రార్థన గాలె, రంగు గాలె. అండ్లకు మొదలు శవాన్ని తెస్తరా ఎవలన్న? రేపు ఆ ఇంట్ల ఎట్లుంటరు?"

"గడప ఎవలిది?" అన్నది అత్తమ్మ.

మా ఆడిబిడ్డ గడప దిక్కు చూసింది.

"అడుగుతున్న గద. గా గడప ఎవలిది? ఆమెది. గడప ఆమెదైతే ఇయ్యాల ఇల్లు గూడ ఆమెదే. మనమే ఆమె ఇంట్లున్నం. తీస్కరార్రి ముందటికెళ్లి. వెనుకకెళ్లి తెచ్చిన్రంటె నేనూరుకోను."

కబురందుకొని వచ్చిన మా ఆయన, సుతారి, ఇంకిద్దరు పట్టిన్రు. ఆమె ఆ గడప దాటి లోపలికొచ్చింది. మేము కొత్తగ పరిచిన బండల మీద, గచ్చు గూడ సరిగ్గ ఆరలేదు, అక్కడ పండవెట్టినం. అత్తమ్మ నన్ను పిలిచి, "పసుపు తే" అన్నది. నేను విన్నది నిజమో కాదో అని చూస్తున్న. "తేరాదే! కూరల ఏసేదే అయినా సరే" అన్నది. డబ్బా తెచ్చిన. అంత పెద్ద మనిషి, మోకాళ్ల నొప్పులది, నేల మీద కూలవడి, నీళ్లల్ల పసుపు కలుపుకొని, ఆ గడపకు ఈ కొసకెళ్లి ఆ కొస దాంక తన చేత్తోని రాసింది. నడుమ అరిగిన గుంటల ఇంకింత రాసింది. "అయ్యగారికి నేను చెప్పుకుంట" అన్నది, ఎవ్వలు అడగకుంటనే.

స్నానం పోయించినంక, బయట పాడె కడుతున్నప్పుడు, అందరిని బయటికి పొమ్మన్నది. తలుపు దగ్గరికేసుకున్నది. కొద్దిసేపు గట్లనే ఉన్నది లోపల. ప్రార్థన చేస్తున్నదేమో అనుకున్న. తలుపు తెరిచినంక దుమ్ము అంటిన చేతులు కొంగుకు తుడుచుకుంట, "ఇగ లేపుర్రి" అన్నది.

మా దర్వాజవ్వ తన గడప దాటి పోయింది. దాటుతుంటె మా అత్తమ్మ తలుపు రెక్క పట్టుకొని, "పోయిరా వదినె" అన్నది. ఆమెను వదినె అనుడు అదే మొదలు.

దినాలు అయినంక బిడ్డ తల్లి రేకు పెట్టె సదురుకుంట ఆ మూట కోసం ఎతికింది. ఎంత ఎతికినా దొరకలె. స్నానం పోయించినప్పుడు ఏడనో పడి ఉంటదని, లేదంటె తల్లి ఎంటనే మట్టిల కలిసిందని అనుకున్నం. ఆ పిల్ల దానికి చానా బాధ పడ్డది. దర్వాజను తీస్కపోయే జాగ ఆమెకు లేదు. మాకు తీసే చెయ్యి రాలె. టేకు దర్వాజను వెనుకకు పెట్టించినం, ముందట పక్కలకు సిమెంటు పెట్టి ఆమెదాన్ని గట్టి జేయించినం. ఏండ్లు గడిచినయి. పొద్దు గూకంగ గొలుసు ఏసి రెండుపార్లు గుంజుడు నాకు అలవాటైపోయింది.

నిరుడు జాగ వచ్చింది. తల్లి పేరు మీద కాదు, బిడ్డ పేరు మీద. రెండర్రలు ఏసుకున్నది. ఆదివారం ట్రాలీ ఆటో తీసుకొని వచ్చింది. ఆమె నెత్తి గూడ తెల్లబడ్డది. అదే సుతారి, ముసలోడైండు, గడ్డపారతోని మెల్లగ పక్కల సిమెంటు కొట్టిండు. చౌకట్టు కదిలింది. గడప లేపిన్రు.

గడప కింద ఇటుకల నడుమ సందుల ఒక మూట ఉన్నది.

గుడ్డ చివికి పొడి పొడి అయ్యింది. గింజలు చీమలు తిన్నయి, పొట్టు మిగిలింది. రాగి పైస పచ్చగ చిలుము పట్టింది. ఇంత ఎర్రమన్ను, మా ఇంటి మన్ను కాదది, చూస్తెనే తెలుస్తాంది. బిడ్డ అక్కడ్నే కూలవడ్డది. "మా అమ్మదే. మా అమ్మదే గిది" అన్నది. సుతారి, "నేను పెట్టలే అమ్మా, నాకేం తెల్వదు" అన్నడు. నేను లోపలికి చూసిన.

అత్తమ్మకు ఇప్పుడు చూపు ఆనదు. మంచంల కూసొని చెవులిటు పెట్టి ఉన్నది. "ఏం దొరికిందటనే?" అన్నది.

"మూట దొరికింది అత్తా. అవ్వ మూట."

అత్తమ్మ ఒళ్లోని బైబిలు మీద చెయ్యి ఏసింది.

"నువ్వే పెట్టినవా?" అన్న.

"మూట లేని దర్వాజ ఉత్త కట్టె అన్నది గదనే ఆమె" అన్నది అత్తమ్మ. "ఉత్త కట్టె మీదికెళ్లి ఎట్ల సాగదోలాలె మనిషిని?"

బిడ్డ ఆ మన్ను, పైస కొంగున ముడేసుకొని పోయింది. పోయి నాలుగు దినాలైతాంది. వడ్లాయన ఇయ్యాల గూడ రాలె. నేను ఇక్కడ్నే కూసున్న. నీళ్లు తాగాలన్నా, అత్తమ్మకు ముద్ద పెట్టాలన్నా ఇల్లంత చుట్టు తిరిగి వెనుకకెళ్లి పోతున్న. ముందట ఏం అడ్డం లేదు. అడుగేస్తె లోపలుంట. ఎందుకో కాలు పడ్త లేదు.